సంకర మిరప : దిగుబడి, కారం, విత్తనం

తెలుగువాని విస్తరిలో కారానికి ఉన్న స్థానాన్ని గురించి ప్రత్యేకించి చెప్పవలసిన పని లేదు. గోంగూర పచ్చడి మొదలు బిర్యానీ పక్కన వడ్డించే మిర్చీ కా సాలన్ వరకు మిరప లేని వంటను మనం ఊహించుకోలేము. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్లు ప్రాంతాలలో వేలాది కుటుంబాలు ఈ పంట మీద ఆధారపడి బ్రతుకుతున్నాయి. మన కళాశాలలో చదివే పిల్లలలో పలువురి ఫీజులు మిరప అమ్ముడుపోయిన తరువాతనే చెల్లుతాయన్నది కమిటీ పెద్దలకు తెలియని సంగతి కాదు.

మేము బోధించేది భాషాసాహిత్యాలు. వృక్షశాస్త్రం మా విషయం కాదు. అయినప్పటికీ ఈ వ్యాసం వ్రాయడానికి ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న కారణమయింది. అతని తండ్రి కౌలు రైతు. ఒక సంవత్సరం మూడెకరాలలో సంకర మిరప వేశారు. పంట బాగుగా పండింది. మరుసటి ఏడు విత్తనాల ధర పెరిగిందని విని, తన చేలోనే ఏపుగా కాసిన చెట్ల నుండి నిండుగా పండిన కాయలను ఏరి, ఎండబెట్టి, గింజ తీసి నారు పోశారు. ఆ నారు నాటిన చేను ఒక తీరుగా రాలేదు. ఒక మొక్క నడుమెత్తు పెరిగితే దాని పక్కది మోకాలెత్తు దాటలేదు. ఒకదాని కాయ సన్నం, మరొకదానిది లావు. ఒకటి నోరు మండించేది, మరొకటి చప్పనిది. మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీ విప్పి, గుప్పెడు కాయలు అరచేతిలో పరచి చూసి, "ఇది కలగలుపు సరుకు" అని ధర తగ్గించాడు. ఆ ఏడు కౌలు చెల్లించడానికి ఇంటిలోని నగ కుదువకు వెళ్ళింది.

"మంచి కాయలోని గింజ మంచి మొక్క కాదా సార్?" అని ఆ విద్యార్థి మమ్మల్ని అడిగాడు. ఆనాడు మా వద్ద సమాధానం లేదు. వృక్షశాస్త్ర విభాగంలోని మిత్రులను అడిగి, కొంత చదివి తెలుసుకున్న సంగతులను విద్యార్థుల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాము.

వలస వచ్చిన కాయ, అరువు తెచ్చుకున్న పేరు

మిరప మన దేశానిది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంత ప్రజలు వేల సంవత్సరాల క్రిందటనే దీనిని సాగులోకి తెచ్చుకున్నారు. కొలంబస్ 1492లో సముద్రయానం చేసిన తరువాత ఇది ఐరోపాకు చేరింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడలలో మన పశ్చిమ తీరానికి వచ్చింది. అంతకు పూర్వం మన వంటలలో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లమే. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత పేరునే పెట్టుకున్నారు. మిరియం అనే మాట నుండే మిరప అనే మాట ఏర్పడిందని భాషావేత్తలు చెబుతారు. ఉర్దూలోని మిర్చ్ కూడా మిరియాన్ని తెలిపే మరిచ అనే సంస్కృత పదం నుండి వచ్చినదే. ఈ సంచికలో పక్కపక్కనే అచ్చయ్యే రెండు భాషలూ ఈ విషయంలో ఒకే పని చేశాయన్నమాట.

మిరప కాప్సికం అనే ప్రజాతికి చెందినది. వంగ, టమాట, బంగాళాదుంపలు దీని కుటుంబంలోనివే. ఈ ప్రజాతిలో మానవుడు సాగుచేసే జాతులు ఐదు ఉన్నాయి. మన చేలలో కనిపించే సన్నాలు, బజ్జీ మిరప, కూరకు వాడే బెంగుళూరు మిరప అన్నీ కాప్సికం ఆన్యుయం అనే ఒకే జాతికి చెందినవి. ఆకారంలోను, కారంలోను ఇంతటి భేదం ఒకే జాతిలో ఉండడమే ప్రజనన శాస్త్రజ్ఞునికి పెట్టుబడి. భేదం లేనిచోట ఎంపికకు అవకాశం లేదు.

కారం ఎక్కడ ఉన్నది?

కారం గింజలో ఉన్నదని పలువురి నమ్మకం. అది సరికాదు. కాయ లోపల గింజలు అంటిపెట్టుకొని ఉండే తెల్లని మెత్తని భాగంలో కారం తయారవుతుంది. గింజలకు దాని స్పర్శ వలన మాత్రమే ఘాటు అంటుకుంటుంది. కారానికి మూలమైన పదార్థానికి 1876లో థ్రెష్ అనే శాస్త్రజ్ఞుడు కాప్సైసిన్ అని పేరు పెట్టాడు. నిజానికి కారం అనేది రుచి కాదు, బాధ. వేడిని గుర్తించి నొప్పిని తెలియజేసే నాడీకణాల మీద ఒక గ్రాహకం ఉన్నది. కాప్సైసిన్ తగిలినప్పుడు అది నిప్పు తగిలినట్లే స్పందిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మరొక శాస్త్రజ్ఞునితో కలిసి అందుకున్నాడు. పక్షులలో ఈ గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. అందువల్లనే చిలుక మిరపపండును సుఖంగా తినగలుగుతున్నది, గింజలను దూరదూరాలకు చేరవేయగలుగుతున్నది.

కారాన్ని కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. మిరప సారాన్ని పంచదార నీటితో పలుచన చేస్తూ పోయి, రుచి చూచేవారికి మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చిందో ఆ సంఖ్యనే కారపు కొలతగా తీసుకున్నాడు. ఈనాడు నాలుకకు బదులు ప్రయోగశాలలోని యంత్రాలు కాప్సైసిన్‌ను తూచి చెబుతున్నాయి. కొలతకు మాత్రం స్కోవిల్ పేరే నిలిచింది. భౌగోళిక గుర్తింపు పొందిన మన గుంటూరు సన్నం ఈ కొలతలో సుమారు 35,000 నుండి 40,000 వరకు ఉంటుంది. ఈశాన్య భారతపు భూత్ జొలోకియా పది లక్షలు దాటి 2007లో ప్రపంచ రికార్డు పొందింది. 2023లో అమెరికాలోని పెప్పర్ ఎక్స్ అనే మిరప సుమారు 26,93,000తో గిన్నిస్ రికార్డుకెక్కింది. కాని రికార్డుకెక్కిన కాయ రైతు ఇంటిని నిలబెట్టదు. రైతుకు కావలసినది ఎకరానికి ఎక్కువ ఎండు కాయ, సంతలో అడిగేంత కారం, వన్నె తగ్గని ఎరుపు. ఈ మూడూ ఒకే మొక్కలో చేర్చడమే కష్టం.

దిగుబడికి, కారానికి నియమాలు వేరు

కారం ఉండడం, లేకపోవడం అనేది ముఖ్యంగా ఒకే ఒక జన్యువు మీద ఆధారపడి ఉన్నది. కారపు మొక్కను, కారం లేని మొక్కను సంకరపరిస్తే మొదటి తరం మొక్కలన్నీ కారపు కాయలే కాస్తాయి. రెండవ తరంలో నాలుగింట మూడు వంతులు కారంగాను, ఒక వంతు చప్పగాను వస్తాయి. మెండెల్ బఠాణీ మొక్కలలో చూపిన నిష్పత్తియే ఇది. ఈ జన్యువు ఏదో 2005లో శాస్త్రజ్ఞులు స్పష్టంగా గుర్తించారు.

అయితే కారం ఎంత అన్న ప్రశ్న వేరు. దానిని పలు జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. వాటికి తోడు ఎండ, నీటి ఎద్దడి, నేల, కాయ వయస్సు కూడా కారాన్ని మారుస్తాయి. ఒకే విత్తనం రెండు ఊళ్ళలో రెండు రకాల ఘాటు చూపడం ఇందువల్లనే. దిగుబడి మరింత చిక్కైనది. కొమ్మల సంఖ్య, పూత నిలవడం, కాయల సంఖ్య, కాయ బరువు, తెగుళ్ళకు తట్టుకొనే శక్తి మొదలైనవన్నీ కలిస్తేనే దిగుబడి. పైగా కాయ పెద్దదై కండ పెరిగినకొద్దీ లోపలి తెల్లని భాగం కాయ బరువుతో పోలిస్తే తగ్గుతుంది. కనుక సాధారణంగా లావు కాయలలో ఘాటు పలుచబడుతుంది. ఒక చేత బరువును, మరొక చేత కారాన్ని పట్టుకొని నడవవలసిన పరిస్థితి ప్రజనన శాస్త్రజ్ఞునిది.

ఇక్కడ మరొక అపోహను కూడా తొలగించవలసి ఉన్నది. బజ్జీ మిరప పక్కన ఘాటు మిరప నాటితే ఆ ఏడే బజ్జీ కాయ కారమవుతుందని కొందరంటారు. కారం తయారయ్యే భాగం తల్లి మొక్క శరీరంలోనిది. పక్క మొక్క పుప్పొడి ప్రభావం గింజలోని పిండానికే చేరుతుంది. ఆ గింజను విత్తినప్పుడు మాత్రమే, అంటే మరుసటి తరంలోనే, కాయలో తేడా కనిపిస్తుంది.

సూటి రకం, సంకర రకం

ఈ రెండింటి భేదం తెలిస్తే మా విద్యార్థి ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లే. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన కేంద్రం మనకు జి-4 అనే భాగ్యలక్ష్మిని, జి-5 అనే ఆంధ్రజ్యోతిని, ఆ తరువాత సింధూర్, ఎల్.సి.ఎ.-334 వంటి వాటిని అందించింది. ఇవి సూటి రకాలు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా జ్వాల కూడా సూటి రకమే. దానిని ఎన్.పి.-46ఎ, పూరీ రెడ్ అనే రెండు రకాల కలయిక నుండి తీశారు. కలయిక జరిగినంత మాత్రాన అది సంకర రకం కాలేదు. కలయిక తరువాత తరం వెంట తరం ఎంపిక చేస్తూ, గుణాలు స్థిరపడేవరకు ఆగి విడుదల చేశారు. స్థిరపడిన రకపు గింజ తల్లి గుణాలనే చూపుతుంది. తేనెటీగలు పుప్పొడిని ఇటునుండి అటు చేరవేస్తాయి కనుక వేరే రకాలకు దూరంగా పెంచి గింజ తీసుకుంటే చాలు.

సంకర రకం అలా కాదు. ముందుగా రెండు శుద్ధమైన వంశాలను తయారుచేస్తారు. ఒక్కొక్క మొక్కను దాని పుప్పొడితోనే ఫలదీకరింపజేస్తూ ఆరేడు తరాలు గడిపితే శుద్ధవంశం ఏర్పడుతుంది. ఆ తరువాత ఏ వంశానికి ఏ వంశంతో పొత్తు కుదురుతుందో పరీక్షిస్తారు. మంచి దిగుబడి ఉన్న రెండు వంశాలు కలిసినంత మాత్రాన మంచి సంకరం పుట్టదు. పదుల కొలది జంటలను కలిపి చూస్తే ఏ ఒకటి రెండో ఆశించిన ఫలితమిస్తాయి. అట్టి జంట నుండి పుట్టిన మొదటి తరం మొక్కలు తల్లిదండ్రులిద్దరినీ మించి పెరగడాన్ని సంకరతేజం అంటారు. జొన్నకు బంధువైన మొక్కజొన్నలో దీనిని షల్ అనే శాస్త్రజ్ఞుడు 1908లో వివరించాడు. ఒక వంశంలోని బలహీన జన్యువును మరొక వంశంలోని బలమైన జన్యువు కప్పివేయడం దీనికి ముఖ్య కారణం. సంకర విత్తనంగా మనకు అమ్మేది ఈ మొదటి తరాన్నే.

విత్తన ఉత్పత్తి ఎంతటి శ్రమతో కూడినదో కూడా తెలుసుకోవాలి. మిరప పువ్వులోనే కేసరాలు, అండాశయం రెండూ ఉంటాయి. అందువలన మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం మెల్లగా విప్పి, అందులోని ఐదారు కేసరాలను పుప్పొడి రాలకముందే తొలగిస్తారు. మరునాటి ఉదయం మగ వంశపు పువ్వుల నుండి తెచ్చిన పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. గుర్తుగా దారం కడతారు. ఇట్లు వేలకొలది పూలకు చేయాలి. కర్ణాటకలోని రాణెబెన్నూరు ప్రాంతం ఇటువంటి కూరగాయల సంకర విత్తనోత్పత్తికి పేరుపొందినది. ఈ పనిలో ఎక్కువగా ఉండేది స్త్రీల చేతులే. విత్తనాలను గ్రాముల లెక్కన అమ్మడానికి గల కారణాలలో ఈ శ్రమ ఒకటి.

ఈ శ్రమను తగ్గించడానికి పుప్పొడి కట్టని ఆడ వంశాలను వాడడం మొదలయింది. దీనిని పురుష వంధ్యత్వం అంటారు. 1958లో పీటర్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మిరపలో తల్లి కణద్రవ్యం ద్వారా సంక్రమించే వంధ్యత్వాన్ని వర్ణించాడు. ఆయన దానిని కనుగొన్నది భారతదేశం నుండి సేకరించిన ఒక మిరపలో కావడం మనం గుర్తుంచుకోదగిన విషయం. తరువాత పలు దేశాల సంకర మిరపల తయారీకి ఆ మొక్క ఆధారమయింది. మన దేశంలో లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం జన్యుసంబంధమైన మరొక విధమైన వంధ్యత్వాన్ని ఉపయోగించి 1992లో సి.హెచ్.-1 అనే సంకర మిరపను విడుదల చేసింది. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ అర్క మేఘన, అర్క హరిత వంటి సంకరాలను అందించింది.

రెండవ తరంలో ఏమి జరుగుతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. మొదటి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఎందుకనగా ప్రతి మొక్కకూ తల్లి నుండి ఒక జన్యువు, తండ్రి నుండి వేరొక జన్యువు ఒకే విధంగా అందాయి. ఆ మొక్క స్వయంగా గింజ కట్టినప్పుడు ఆ జంటలు విడిపోయి, మరల యాదృచ్ఛికంగా కలుస్తాయి. ఒక జన్యుజంట విషయంలో గింజ తన తల్లి మొక్కవలె ఉండే అవకాశం సగం మాత్రమే. రెండు జంటలైతే పావు వంతు. పది జంటలలో తేడా ఉన్నదనుకొని లెక్కవేస్తే 1024 గింజలలో సగటున ఒక్కటి మాత్రమే పదింటిలోను తల్లిని పోలి ఉంటుంది. దిగుబడిని, కారాన్ని నిర్ణయించే జన్యువులు పదికంటే చాలా ఎక్కువ. ఆ రైతు ఎంత మంచి కాయను ఏరినా, ఆ కాయలోని గింజలు ఒకే కుటుంబంలోని పోలికలేని బిడ్డలవంటివి.

కనుక ఆ తండ్రి పొరపాటు అజాగ్రత్త కాదు. మంచి చెట్టు, మంచి కాయ చూసి గింజ కట్టుకోవడం ఆయన తాత తండ్రులు నేర్పిన విద్య. సూటి రకాల విషయంలో ఆ విద్య ఈనాటికీ సత్యమే. మారినది విత్తనం. మారిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. సంచి మీద ముద్రించిన బొమ్మ దిగుబడిని చూపింది గాని, ఇది ఒక తరపు సిరి మాత్రమేనని చెప్పలేదు.

చట్టం విషయం కూడా చెప్పుకోవాలి. మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. తన పంట నుండి గింజను దాచుకొనే, విత్తుకొనే, ఇతరులతో మార్చుకొనే, కంపెనీ పేరు వేయకుండా అమ్ముకొనే హక్కు ఈ చట్టం క్రింద రైతుకు ఉన్నది. అంటే సంకర మిరప గింజను దాచుకోవద్దని చట్టం అనలేదు. దాచుకున్నా ఫలితం ఇవ్వనిది ప్రకృతి నియమం. ఈ చట్టం క్రింద నమోదైన రకం చెప్పిన మేరకు ఫలితమివ్వకపోతే నష్టపరిహారం కోరే వీలు కూడా ఉన్నది. అందుకు ఆధారాలు కావాలి. బిల్లును, లాటు నంబరు ఉన్న ఖాళీ సంచిని, కొద్దిపాటి గింజను పంట అమ్మేవరకు భద్రపరచుకోవలసిందిగా విద్యార్థులు తమ ఇండ్లలో చెప్పాలి. సంచి మీది చీటీలో మొలక శాతం, పరీక్షించిన తేదీ, గడువు చదివి చెప్పడం చదువుకున్న బిడ్డ ఇంటికి చేయగలిగిన చిన్న సేవ.

సంకరం సర్వరోగ నివారిణి కాదు

సంకర మిరప వలన దిగుబడి పెరిగిందన్నది కాదనరాని విషయం. అయితే ఎక్కువ కాసే మొక్క తెగుళ్ళను తట్టుకోవాలన్న నియమం లేదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగులు రెండు తెలుగు రాష్ట్రాల మిరప చేలను తీవ్రంగా దెబ్బతీశాయి. ఖరీదైన విత్తనమా, చౌక విత్తనమా అని ఆ పురుగు చూడలేదు. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఆకుముడత వైరసు కూడా ఇటువంటిదే. ఈ శత్రువులను ఎదుర్కొనే శక్తి కోసం శాస్త్రజ్ఞులు తరచు వెదికేది పాత నాటు రకాలలోను, అడవి మిరపలలోనే. 2014లో మిరప జన్యు పటాన్ని వెలువరించిన శాస్త్రజ్ఞులలో ఒక బృందం ఎంచుకున్నది, వేరుకుళ్ళు తెగులును తట్టుకొనే ఒక మెక్సికో నాటు రకాన్నే. లాభసాటి కాదని మనం వదిలివేసిన రకం రేపటి సంకరానికి తల్లి కావచ్చును. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరప ఇందుకు మరొక విధమైన నిదర్శనం. దానికి కారం తక్కువ. కాని గాఢమైన ఎరుపు రంగు వలన దానికి తనదైన గిరాకీ ఉన్నది. ఘాటు ఒక్కటే విలువ కాదని అది చెబుతున్నది.

ఒక మనవి

పాత గ్రంథాలలో సంకరం అనే మాటను నిందార్థంలో వాడారు. కృషిశాస్త్రం ఆ మాటకు గౌరవం తెచ్చింది. ఆ గౌరవం నిలవాలంటే దాని శక్తితోపాటు దాని హద్దు కూడా రైతు బిడ్డలకు తెలియాలి. మాటలతో చెప్పినదానికంటె కంటితో చూచినది మనస్సులో నిలుస్తుంది. అందుచేత కళాశాల కమిటీ వారికి ఒక చిన్న మనవి చేస్తున్నాము. గ్రంథాలయం వెనుక ఖాళీగా ఉన్న స్థలంలో మూడు మళ్ళు మిరప నాటడానికి అనుమతి ఇప్పించాలి. ఒకదానిలో లాం కేంద్రపు సూటి రకం, రెండవదానిలో కొన్న సంకర విత్తనం, మూడవదానిలో ఆ సంకరం నుండి తీసిన గింజ. వృక్షశాస్త్ర మిత్రులు పర్యవేక్షించడానికి అంగీకరించారు. ఎత్తు కొలవడం, కాయలు లెక్కించడం, ఎండు కాయ తూచడం విద్యార్థుల పని. ఆ లెక్కలను రెండు భాషలలోను వచ్చే సంచికలో ప్రకటించవచ్చును.

మా విద్యార్థికి సమాధానం ఇప్పుడు చెప్పగలుగుతున్నాము. మంచి కాయలోని గింజ మంచి మొక్క అవుతుంది, ఆ కాయ సూటి రకానిదైతే. సంకర రకానిదైతే ఆ మంచితనం ఆ కాయతోనే ముగుస్తుంది. ఈ ఒక్క వాక్యం అతని తండ్రికి రెండేళ్ళ క్రిందట చేరి ఉంటే ఆ నగ ఇంటిలోనే ఉండేది. ఇక ముందు మరొక ఇంటిలోనైనా ఉండాలని మా ఆకాంక్ష.